కాలికి కట్టిన డబ్బా

భారతి కాలికి డబ్బా లేదు.

దుప్పటి ఎత్తి చూశాను. మంచం కింద చూశాను. నీళ్ళ తొట్టి పక్కన, పొయ్యి మూలన, గడప దగ్గర, అన్ని చోట్లా చూశాను. చీలమండకు పైన నీలం పట్టీ ఉండే చోట చర్మం మీద ముద్ర మాత్రం మిగిలింది. పట్టీ లేదు. దానికి కుట్టిన అగ్గిపెట్టెంత డబ్బా లేదు.

"యాడమ్మా డబ్బా?"

భారతి నా మొహం వైపు చూడలేదు. ఏడేళ్ళ పిల్ల. అబద్ధం చెప్పడం ఇంకా సరిగా రాదు. గోడ వైపు తిరిగి, "నాకు తెల్దు మా" అంది.

నేను దీపాల వేళకు గాని ఇల్లు చేరను. రెడ్డిగారి బోరు కింద వేరుశెనగ బుడ్డచెట్లు పీకే పని. ఆ రోజు మధ్యాహ్నానికే ఇంటికి పొమ్మన్నారు. చెట్లకు కాయలే లేకపోతే పీకేదేముంది? అట్లా వేళ కాని వేళలో వచ్చాను కాబట్టి చూశాను. లేకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

రేపే అనంతపురం పోవాలి. డబ్బా తిరిగి ఇవ్వాలి. వారమంతా పిల్ల కాలు ఎంత కదిలిందో అదే లెక్క పెట్టుకుంటుందని, స్నానానికి తప్ప విప్పొద్దని, ఆసుపత్రిలో కల్పన మేడం చెప్పి కట్టింది. బెంగుళూరు నుంచి వచ్చిన డాక్టర్లు ఆ లెక్క చూసి కొంతమంది పిల్లలనే తీసుకుంటారు. వాళ్ళకు కాళ్ళ ఆపరేషన్, ఆ తర్వాత నెలల తరబడి కసరత్తు. మిగతా వాళ్ళు ఇంటికి.

డబ్బా పోయిందంటే వాళ్ళు ఏమంటారు? దొంగలంటారు. పోలీసులను పిలుస్తారేమో. అదంతా పోనీ, నా బిడ్డను గడప దాటి లోపలికే రానివ్వరు.

మా అత్త బయమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ముందర చేటలో కొర్రలున్నాయి గాని చేయి కదలడం లేదు. నిన్న సంతలో నా భర్త ఓబుళేసు ముసలి గొర్రె బొల్లిని అమ్మేసినప్పటి నుంచి ఆమె ఇంతే. సంగటి ముద్ద కూడా సగం తిని లేచిపోయింది.

"అత్తా, పిల్ల కాలికుండే డబ్బా ఏమైంది?"

"నన్నడగతాండావా? నీ మొగుణ్ణి అడుగు పో."

"ఆయప్పకేం తెలుసు, పొద్దున్నే గొర్రెల్ని తోలుకొని పోయినాడు."

"అందుకే అడగమంటాండా."

"ఇంట్లో ఉండేది నువ్వు. చూసుకునేది నువ్వు. డబ్బా పోయిందని నేను సస్తాంటే, నువ్వు ముసలి గొర్రె కోసరం ఏడుస్తా కూచున్నావు!"

అత్త చేటను పక్కకు నెట్టింది. కొర్రలు కొన్ని మట్టిలో పడ్డాయి.

"ఏడుస్తా. గొర్రె కోసరమే ఏడుస్తా. నీకు ఆ గొర్రె సంగతి ఏం తెలుసే?"

"ఒక కన్ను లేదు, పళ్ళు లేవు. మందతో నడవలేక దొడ్లో పడుండేది. అంతే గదా తెలిసేది?"

"అంతే. నీకు తెలిసింది అంతే."

మట్టిలో పడిన కొర్రలు ఏరుకుంటూ అత్త వీపు తిప్పింది.

*

గొర్రెలు ఎండిపోయిన వంకలో ఉన్నాయి. తినడానికేమీ లేదు. ఇసుకలో పడిన తుమ్మకాయలు ఏరుకుంటున్నాయి. ఓబుళేసు కంబళి తలకింద పెట్టుకొని తుమ్మచెట్టు నీడలో పడుకొని ఉన్నాడు. నన్ను చూసి దిగ్గున లేచాడు.

"ఏమైంది? పిల్లకేమన్నా అయిందా?"

"డబ్బా లేదు."

ఆయన నా మొహం చూశాడు. తర్వాత మంద వైపు చూశాడు. నేనూ అటే చూశాను.

గొర్రెపిల్ల ఒకటి తల్లి పొదుగు వదిలి గట్టెక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. దాని వెనక కాలికి నీలం పట్టీ.

అక్కడే ఇసుకలో కూర్చున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"బుధవారం నుంచి. పొద్దున నువ్వు పనికి పోతానే విప్పుకొని వస్తాండా. సందకాడ నువ్వు వచ్చేలోపల మళ్ళా కడతాండా."

"యాలప్పా? నీకు బుద్ధుండాదా?"

"అరవద్దు. గొర్రెలు బెదురుతాయి."

"బెదరనీ!"

ఆయన కంబళి దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన మాట్లాడే ముందు ఎప్పుడూ అట్లా ఏదో ఒకటి సర్దుకుంటాడు.

"సంతలో గొర్రెను కొనేటోడు ఏం జేస్తాడు సెప్పు. నడుము పట్టి సూస్తాడు. కాళ్ళు నొక్కి సూస్తాడు. తర్వాత వదిలి, ఎట్ల పోతాదో సూస్తాడు. పోయిన సోమవారం ఆ కల్పనమ్మ చేసింది అదే గదా? మిషను కాలికానిచ్చి తొయ్యమనె. మన పిల్ల తోసిందా? కట్టె మాదిరి బిగుసుకోని నీ మొహం సూస్తా కూచునె. మిషన్లో సున్నా. కాలు నొక్కితే తన్నని గొర్రె పక్క ఇంగెవుడన్నా తిరిగి సూస్తాడా?"

"వాళ్ళు డాక్టర్లప్పా. గొర్రెల బేరగాళ్ళు గాదు."

"ఏరుకునేటోడు ఎవుడైనా బేరగాడే."

"నా బిడ్డ గొర్రెనా?"

"గొర్రె అయింటే నేనే బాగు చేసుకుందును." ఆయన మంద వైపు తిరిగాడు. "కాలిరిగిన పిల్లలకు నేను వెదురుబద్దలు కట్టి నడిపించలేదా? దీనికేం కట్టాల్నో తెలీకనే గదా వాళ్ళకాడికి పోతాండేది. సంతకు తోలేటప్పుడు పొట్టేలుకు కొమ్ములకు నూనె రాస్తామే, అంతే అనుకున్నా. పిల్ల సురుగ్గా ఉండాదని తెలిస్తే తీసుకుంటారని."

"ఇది మోసం గాదా?"

"మోసమే. సెప్పు పో రేపు. నా మొగుడు మోసం చేసినాడు, నా బిడ్డను తీసుకోవద్దు అని సెప్పు."

ఆయన గొర్రెపిల్లను ఒడుపుగా పట్టి పట్టీ విప్పాడు. పట్టీకి పెంట అంటుకొని ఉంది. చీర కొంగుతో తుడిచాను. ఎంత తుడిచినా గొర్రె వాసన పోలేదు.

ఇంటిదారి పట్టాం. మంద మా ముందర నడిచింది. ఆ గొర్రెపిల్ల మాత్రం కాలు తేలికైనందుకో ఏమో, ఎగిరెగిరి దూకుతూ పోయింది.

*

మర్నాడు పొద్దున భారతికి తల దువ్వింది అత్తే. నేను దువ్వుతానన్నా ఇవ్వలేదు. నూనె పెట్టి, జడలు బిగించి, బొట్టు పెట్టి, చెవిలో ఏదో చెప్పింది. భారతి తల ఊపింది.

"ఏం చెప్పినావత్తా?"

"ఏం లేదు. వాళ్ళడిగితే కాలు ఎత్తమన్నా."

"నువ్వేం చెప్పొద్దు. బలవంతంగా ఎత్తి నరం పట్టుకుంటే?"

అత్త నన్ను ఒక చూపు చూసింది. "నీకు దేనికైనా భయమే. కూచుంటే భయం, లేస్తే భయం. ఆ బిడ్డకు రోగం కంటే నీ భయమే ఎక్కువ తగులుకునింది."

ఓబుళేసు పిల్లను భుజాన ఎత్తుకొని ముందు నడిచాడు. గుమ్మఘట్ట దగ్గర బస్సెక్కి, రాయదుర్గంలో మారి, కిటికీ పక్కన కూర్చున్నాం. దారి పొడవునా నేల ఎర్రగా, బోడిగా ఉంది. నేను బయటికి చూడలేదు. ఒడిలో ఉన్న ఆ కాలినే చూస్తూ వచ్చాను. సన్నటి కాలు. మడమ కింద ఆనదు, వేళ్ళ మీదనే నిలుస్తుంది. నిద్రలో కూడా పిక్క మెత్తబడదు. పుట్టినప్పుడు ఏడవడం ఆలస్యమైంది, మెదడుకు గాలి అందలేదన్నారు. సెరిబ్రల్ పాల్సీ అని కాగితంలో రాశారు. మా ఊళ్ళో అందరూ కాళ్ళ జబ్బు అంటారు. నేను ఆ పేరును ఎన్నోసార్లు నాలో నేను అనుకున్నాను. పేరు సరిగా పలికితే రోగం కాస్తయినా లొంగుతుందేమో అన్నట్టు.

కనుక్కుంటారు, కనుక్కుంటారు అని బస్సు చక్రాలు అంటున్నట్టే ఉంది నాకు.

*

ఆసుపత్రి వరండా నిండా భారతి లాంటి పిల్లలే. కత్తెర లాగా కాళ్ళు అడ్డం పడే పిల్ల. నడుము వంచి నాన్న వేలు పట్టుకొని నడిచే పిల్లవాడు. అందరినీ చూసి, వీళ్ళలో నా బిడ్డ కంటే మేలుగా ఉన్నది ఎవరు, కష్టంగా ఉన్నది ఎవరు అని నా కళ్ళు ఏరుతున్నాయి. నేను కూడా బేరగాళ్ళ లాగానే చూస్తున్నానని తోచి తల దించుకున్నాను.

కల్పన మేడం డబ్బా విప్పుకొని పక్క గదిలోకి పంపింది. పట్టీ ముక్కు దగ్గర పెట్టుకొని, "ఏం భారతీ, గొర్రెల్లో పడుకున్నావా?" అని నవ్వింది. ఓబుళేసు కిటికీ బయటికి చూశాడు.

భారతిని ఎత్తు బల్ల అంచున కూర్చోబెట్టారు. మోకాళ్ళు కిందికి వేలాడుతున్నాయి. కల్పన మేడం ఆ చిన్న మిషనును పిడికిట్లో పట్టుకొని, దాని మెత్తటి బిళ్ళను ముంగాలికి ఆనించింది.

"అక్క చెయ్యిని తొయ్యి చూద్దాం. గట్టిగా. అక్క కింద పడిపోవాల."

భారతి నా వైపు చూసింది. పెదవి కరుచుకుంది. తొడ బిగిసింది. మిషనులో అంకె వణికింది, పైకి పోయింది.

"అయ్యో, మెల్లగా తల్లీ!" అన్నాను. నోరు జారింది.

కాలు ఆగిపోయింది. అంకె పడిపోయింది.

కల్పన మేడం నిట్టూర్చింది. "చెన్నమ్మా, నువ్వు మాట్లాడొద్దమ్మా. పాప నీ మొహం చూసి ఆపేస్తాంది."

"నొప్పి పుట్టిందేమోనని..."

"పాప చెప్పాల గదా నొప్పని? నువ్వు చెప్తే ఎట్ల?"

మళ్ళీ చేయించింది. మళ్ళీ చేయించింది. భారతి ఇక తొయ్యలేదు.

అప్పుడే పెద్ద డాక్టరు సోమశేఖర్ పక్క గదిలో నుంచి పిలిచాడు. కంప్యూటరు తెర మీద గీతలు కిక్కిరిసి ఉన్నాయి. ఆయన కోపంగా లేడు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

"ఈ పాప నడవదు అని రాసి ఉండాది. అవునా?"

"అవును సార్," అన్నాను.

"ఇక్కడ చూస్తే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దూకుతానే ఉండాది. నా పిల్లలు కూడా ఇట్ల దూకరు." ఆయన తెర వైపు నుంచి మా వైపు తిరిగాడు. "ఇది మనిషి కాలు కాదు. చెప్పండి, దేనికి కట్టినారు?"

ఓబుళేసు తలపాగా తీసి చేతిలో నలుపుతున్నాడు. నేను చెప్పాలనుకున్నాను. చెప్తే పోతుంది, చెప్పకపోయినా పోతుంది.

"గొర్రెపిల్లకు సార్," అంది భారతి. "నేను గాదు. అది మా గొర్రెపిల్ల. నాయన నాకోసరమే కట్టినాడు. నాయనను కొట్టొద్దు."

బయట ఏదో పిల్ల ఏడుస్తోంది.

"ఎవరూ కొట్టరమ్మా," అన్నాడు డాక్టరు. కలం మూత పెట్టాడు. "కల్పనా, వీళ్ళ కాగితం పక్కన పెట్టేయ్. చేత్తో చూస్తే బలం తెలీలేదు. డబ్బాను నమ్మేదానికి లేదు. ఏ ఆధారంతో ఆపరేషన్ చెయ్యాల నేను? బలం లేని కాలికి నరం వదులు చేస్తే, ఇప్పుడు నిలబడే కాస్త కూడా పోతుంది."

నిలబడే కాస్త కూడా. ఆ మాట నా చెవిలో ఇరుక్కుంది.

"సార్, తప్పు నాది," అన్నాడు ఓబుళేసు. "పిల్లది గాదు. నన్ను తిట్టండి సార్. మీ కాలు మొక్కుతా."

ఆయన వంగబోతే డాక్టరు లేచి భుజం పట్టుకొని ఆపాడు.

కల్పన మేడం మాత్రం తెర దగ్గరే నిలబడి ఉంది.

"సార్, ఒక్క నిమిషం. ఏ రోజు నుంచి కట్టినావన్నా గొర్రెపిల్లకు?"

"బుధవారం నుంచి మేడం."

"అయితే సోమవారం సాయంత్రం, మంగళవారం పాప కాలికే ఉండాది గదా? ఇది చూడండి సార్. మంగళవారం మధ్యాహ్నం." ఆమె వేలు పెట్టిన చోట గీతలు తక్కువ ఎత్తులో, విడివిడిగా ఉన్నాయి. "కాసేపు కదలడం, ఆగడం, మళ్ళా కదలడం. దూకడం గాదు. ఇది గొర్రె గాదు సార్."

డాక్టరు మళ్ళీ కూర్చున్నాడు. ముక్కు మీదికి కళ్ళజోడు దించుకున్నాడు.

"మధ్యాహ్నం పాప దగ్గర ఎవరుంటారు?"

"మా అత్త," అన్నాను. "కానీ మంచం దింపదు సార్. దింపొద్దని నేను ఒట్టు వేయించుకున్నా. పోయిన ఏడు గోడ పట్టుకొని నిలబడబోయి పడి గడ్డం పగిలింది. రక్తం చూసి నేను చచ్చి బతికినా."

చెబుతూ ఉంటేనే నాకు వేరే భయం పట్టుకుంది. నేను లేని వేళ ఆ ముసలామె నా బిడ్డను ఏం చేస్తోంది? ఎక్కడికైనా ఈడ్చుకుపోతోందా? ఏ మంత్రగాడి దగ్గరికైనా?

"భారతీ," అంది కల్పన మేడం, "మధ్యాహ్నం ఏం చేస్తావు నాన్నా?"

భారతి నా వైపు చూసింది.

"అమ్మ తిట్టదు. నేను చెప్తా అమ్మకు."

"బొల్లి పట్టుకొని నడుస్తా," అంది భారతి, వినపడీ వినపడకుండా.

"బొల్లి ఎవరు?"

"మా గొర్రె అక్కా. ముసల్ది. అవ్వ నన్ను దాని పక్కన నిలబెడతాది. నేను దాని ఉన్ని పట్టుకుంటా. అది ఒక అడుగేస్తే నేను ఒకటేస్తా. నేను పడబోతే అది నిలబడతాది. దొడ్డి చుట్టూ తిరుగుతాం. అవ్వ కట్టె పట్టుకొని ఎనకాల వస్తాది. అమ్మకు సెప్పొద్దు, సెప్తే అమ్మ ఏడుస్తాది అని అనింది."

నేను గోడకు ఆనుకున్నాను.

డాక్టరు ముఖం మారింది. కలం మూత తీయలేదు గాని, చేతిలోకి తీసుకున్నాడు.

"ఎన్నాళ్ళుగా?"

"శానా దినాలుగా," అంది భారతి.

"చూడండమ్మా," అన్నాడు నాతో. "ఆ నడక నేను నా కళ్ళతో చూడాల. గీతలు చూసి కత్తి పట్టుకోలేను. రేపు మధ్యాహ్నం దాకా ఈడే ఉంటాం. ఆ గొర్రెను పిలుచుకొని రండి."

"గొర్రెనా సార్? ఆసుపత్రిలోకా?" అంది కల్పన మేడం.

"గేటులో నేను చెప్తా. వాచ్‌మన్ నన్నే ఒక దినం లోపలికి విడవలేదు, గొర్రెను విడుస్తాడులే."

కల్పన మేడం నవ్వింది. భారతి కూడా నవ్వింది. చేతులు చరిచింది. "నాయనా! బొల్లి బస్సెక్కుతాదా?"

తలపాగా ఓబుళేసు చేతిలో నుంచి జారి కింద పడింది.

అప్పుడు నాకు మా అత్త కన్నీళ్ళు అర్థమయ్యాయి. చేటలో ఆగిపోయిన చేయి అర్థమైంది. నీకు ఆ గొర్రె సంగతి ఏం తెలుసే అన్న మాట అర్థమైంది.

"వేరే గొర్రె ఏదైనా..." అన్నాను.

"మిగతావన్నీ పారిపోతాయి మా," అంది భారతి. "బొల్లి ఒక్కటే నిలబడతాది."

*

వరండాలోకి వచ్చాక అడిగాను. "బేరగాడు లారీకి ఎప్పుడు ఎక్కిస్తాడు?"

"ఈ పొద్దు సాయంత్రం. రాయదుర్గం నుంచి. బెంగుళూరుకు."

"పోతే దొరుకుతాదా?"

"ముసల్ది. లారీ దాకా ఉంచినాడో లేదో." ఆయన పిల్లను నా చేతుల్లో పెట్టాడు. ఇంకేదో చెప్పబోయి ఆగాడు. "మా అమ్మకు తెలిసి కూడా నాతో ఒక్క మాట అనలేదే," అన్నాడు. "సంతకు తోలతాంటే తాడు పట్టుకొని నిలబడె. నేనే ఇదిలించుకొని పోతిని."

గేటు దాటి బస్టాండు వైపు పరుగెత్తాడు. చెప్పు ఒకటి మా ముందరే తెగింది. వదిలేసి పోయాడు.

"నాయన యాడికి పోతాండాడు మా?"

"బొల్లిని పిలుచుకొని వచ్చేకి."

"బొల్లి యాడుండాది? మేతకు పోయిందని అవ్వ సెప్పె గదా?"

బెంచీ మీద కూర్చొని పిల్లను గట్టిగా పట్టుకున్నాను. దాని గుండె నా అరచేతికి తగులుతోంది. ఎదురుగా వరండా నున్నగా, నీళ్ళు చల్లి తుడిచినట్టు మెరుస్తోంది. జారితే నేరుగా తలే తగులుతుంది.

భారతి నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

"మా, నువ్వు నిలబడు. బొల్లి మాదిరి. నేను నీ చీర పట్టుకుంటా."

"వద్దు తల్లీ."

"ఒక్క అడుగు మా. నువ్వు పారిపోవు గదా?"

పక్కన కూర్చున్న తల్లులు మా వైపు చూస్తున్నారు. తలుపు దగ్గర కల్పన మేడం వచ్చి నిలబడింది.

నేను లేచి నిలబడ్డాను. భారతి కాలి వేళ్ళ కొసలు నేలకు తగిలాయి. నా కొంగు దాని పిడికిట్లో ఉంది. దించాలి, అంతే. దాని నడుము చుట్టూ ఉన్న నా చేతులు తీసేయాలి, అంతే.

చేతులు రావడం లేదు.